మన ఫోనులో నియమాలు ఎవరు రాశారు?

(హింసకు గురైన స్త్రీలతో పనిచేసే కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫోను, గోప్యత, మన పని – ఈ మూడింటి గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నేను ఇంజనీరును కాను. సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. స్త్రీల చాకిరీ గురించీ, ఇంట్లో జరిగే హింస గురించీ ఏళ్ళ తరబడి ఊళ్ళు తిరిగి, అడిగి, రాసుకుంటున్నదాన్ని. అందుకని ఫోను గురించి మొత్తం చెప్పే సాహసం చెయ్యను. ఒకే ఒక్క రకం యాప్ గురించి, దానితో నేను చేసిన ఒక పొరపాటు గురించి చెబుతాను. ఆ పొరపాటు వల్ల ఇబ్బందిలో పడింది నేను కాదు, నన్ను నమ్మి మాట్లాడిన స్త్రీలు. అందుకే దీన్ని సాంకేతిక విషయమని పక్కన పెట్టడానికి వీల్లేదనుకుంటున్నాను.

షాంఘైలో నేర్చుకున్నది

2019లో ఒక సదస్సు కోసం షాంఘై వెళ్ళాను. చైనాలో జీమెయిల్ 2014 చివరి నుంచీ, వాట్సాప్ 2017 నుంచీ మూతపడ్డాయి. మన సిమ్ముతో రోమింగులో ఉన్నంతసేపూ అవి పనిచేస్తాయి. అప్పుడు సమాచారమంతా తిరిగి మన దేశపు కంపెనీ ద్వారానే వెళ్తుంది కాబట్టి. కానీ ఆ ఖర్చు భరించలేం. బసలో వైఫై పెట్టుకోగానే అన్నీ ఆగిపోయాయి. ఇక్కడ మా అమ్మకు ఒంట్లో బాగుండని రోజులవి. నా కంగారు చూసి, సదస్సులో పరిచయమైన ఒక యువ పరిశోధకురాలు నా ఫోను తీసుకుని ఒక యాప్ ఎక్కించింది. రెండు నిమిషాల్లో అమ్మ గొంతు వినబడింది.

ఆమెకు ఆ యాప్ సరదా కాదు. ఆమె చెప్పిన కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 2015 మార్చిలో, అంతర్జాతీయ మహిళా దినానికి ఒకటి రెండు రోజుల ముందు, బస్సుల్లో రైళ్ళలో లైంగిక వేధింపులకు వ్యతిరేకంగా స్టిక్కర్లు పంచాలనుకున్న అయిదుగురు స్త్రీవాద కార్యకర్తలను చైనా పోలీసులు నిర్బంధించి, 37 రోజుల తర్వాత వదిలారు. 2018 మార్చి 8 రాత్రి 'ఫెమినిస్ట్ వాయిసెస్' అనే స్త్రీవాద పత్రిక ఖాతాలు అక్కడి సామాజిక మాధ్యమాల నుంచి మాయమయ్యాయి. అదే సంవత్సరం 'మీ టూ' అన్న మాటను తొలగిస్తుంటే, అక్కడి స్త్రీలు అదే ఉచ్చారణ వచ్చేలా 'బియ్యం, కుందేలు' బొమ్మలు పెట్టి తమ మాట చెప్పుకున్నారు. మహిళా విలేఖరులు ఎదుర్కొంటున్న వేధింపుల మీద సర్వే చేసిన హువాంగ్ షుయెచిన్‌ను 2021లో నిర్బంధించారు. 2024 జూన్‌లో అయిదేళ్ళ జైలు శిక్ష వేశారు. ఇటువంటి చోట బయటి ప్రపంచంతో మాట్లాడగలగడం, తమ గురించి బయట ఏం రాస్తున్నారో చదవగలగడం ఉద్యమానికి ఊపిరి. అక్కడ అనుమతి లేని దారిలో బయటి ఇంటర్నెట్‌కు వెళితే 15,000 యువాన్ల దాకా జరిమానా వెయ్యవచ్చు. అయినా వాడుతున్నారు.

యాప్ ఏం చేస్తుంది?

మామూలు వీపీఎన్ గురించి మీరు విన్నారు. ఫోనులోంచి బయటికెళ్ళే ప్రతిదాన్నీ అది ఒకే దారిలో, ఎక్కడో దూరాన ఉన్న ఒక సర్వర్ ద్వారా పంపుతుంది. నేను చెబుతున్న యాప్ అలా కాదు. దీని దగ్గర ఒక నియమాల జాబితా ఉంటుంది. ఫోను ఏ సైటును అడిగినా ముందు ఈ జాబితా చూసి, ఆ కోరిక ఎటు పోవాలో తేలుస్తుంది. దారులు మూడే. ఒకటి డైరెక్ట్, అంటే ఉన్న నెట్‌లోంచి నేరుగా వెళ్ళడం. రెండు ప్రాక్సీ, అంటే దూరపు సర్వర్ చేతుల మీదుగా వెళ్ళడం. మూడు రిజెక్ట్, అంటే అసలు వెళ్ళనివ్వకపోవడం. షాడోరాకెట్, సర్జ్, క్లాష్ వంటి పేర్లతో ఇవి చైనాలో బాగా వాడుకలోకి వచ్చాయి.

జాబితాలో ఒక్కో వరసా ఒక్కో నియమం. 'ఫలానా పేరుతో ముగిసే సైట్లన్నీ ప్రాక్సీలో పంపు', 'పేరులో ఫలానా మాట ఉంటే ఆపెయ్యి', 'ఫలానా దేశపు చిరునామా అయితే నేరుగా పంపు' – ఇలా ఉంటాయి. యాప్ పైనుంచి కిందికి చదువుకుంటూ పోతుంది. మొదట ఏ వరస సరిపోతే అక్కడే ఆగిపోతుంది. కింద ఇంకెంత మంచి నియమం ఉన్నా దాని దాకా రాదు. ఏ వరసకూ సరిపోనివన్నీ చివరి వరసకు చేరతాయి. దాన్ని కొన్ని యాప్‌లలో ఫైనల్ అంటారు, కొన్నింటిలో మ్యాచ్ అంటారు. 'మిగిలినవన్నీ ఇటు పంపు' అని దాని అర్థం.

ఇంత శ్రమ ఎందుకంటే, చైనాలో డబ్బు చెల్లింపులు, రైలు టిక్కెట్లు, సినిమాలు అన్నీ లోపలి సైట్లే. వాటిని దూరపు సర్వర్ ద్వారా పంపితే నెమ్మదిస్తాయి, కొన్ని తెరుచుకోవు. పైగా సర్వర్‌లో ఎంత సమాచారం పోతే అంత డబ్బు కట్టాలి. అందుకని వాళ్ళ జాబితాల్లో సాధారణంగా చివర కనిపించే రెండు వరసలు ఇవి: చైనా చిరునామాలన్నీ నేరుగా, మిగిలిన ప్రపంచమంతా ప్రాక్సీలో. వాళ్ళ అవసరానికి అది సరైన పద్ధతే.

నా పొరపాటు

నేను హైదరాబాదు తిరిగొచ్చాను. యాప్ తియ్యలేదు. ఫోను పైభాగంలో చిన్న తాళంచెవి బొమ్మ కనిపిస్తూనే ఉంది. దానికి కళ్ళు అలవాటుపడిపోయాయి.

అప్పుడు మేము ఒక జిల్లాలో గృహహింస కేసులు పెట్టి, వెనక్కి తీసుకున్న స్త్రీలతో మాట్లాడుతున్నాం. ఊళ్ళో కూర్చుని ఫోనులోనే ఫారం నింపి, సాయంత్రానికి మా సర్వర్‌కు పంపేవాళ్ళం. మూడు వారాలు గడిచాక మా ఆఫీసులో కంప్యూటర్ పని చూసే అమ్మాయి వచ్చి, "మేడమ్, మీ ఫారాలన్నీ వేరే దేశం నుంచి వస్తున్నట్టు లాగ్‌లో పడుతోంది. మీరేమో ఇక్కడే ఉన్నారు" అంది.

అప్పుడు కూర్చుని ఆ జాబితా మొదటిసారి చదివాను. వందల వరసల్లో మన దేశం ఎక్కడా లేదు. ఉండాల్సిన పనీ లేదు, అది మనకోసం రాసింది కాదు. కాబట్టి నేను మన ఊళ్ళోంచి మన ఊరికి పంపిందంతా ఆ చివరి వరస పట్టుకుని, నాకు ముఖపరిచయం కూడా లేని ఎవరి సర్వర్‌కో వెళ్ళి, అక్కడినుంచి తిరిగి హైదరాబాదు వచ్చింది. పైగా మా ఫారం పాత పద్ధతిది. బ్యాంకు సైట్లకు ఉండే తాళం, అంటే హెచ్‌టీటీపీఎస్, దానికి లేదు. తాళం ఉంటే మధ్యవాడికి మనం ఏ సైటుకు వెళ్ళామో మాత్రమే తెలుస్తుంది, లోపలి రాతలు తెలియవు. తాళం లేకపోతే అక్షరం అక్షరం చదువుకోవచ్చు. ఎవరైనా చదివారో లేదో తేల్చే మార్గం లేదు.

నిజాయితీగా చెప్పాలంటే తప్పంతా యాప్‌ది కాదు. ఆ యాప్ లేకపోయినా తాళం లేని ఫారం మన నెట్ కంపెనీకి కనిపించేదే. మొదటి తప్పు మా సంస్థది, రెండోది నాది. ఫారానికి తాళం వేయించాం. యాప్ తీసేశాను. కానీ వాంగ్మూలాలిచ్చిన పదకొండు మంది సంగతేమిటి? ఎవరికీ ఏమీ కాలేదు కదా, చెప్పి భయపెట్టడమెందుకని మాలో కొందరన్నారు. చాలాసేపు వాదించుకున్నాక, వెళ్ళి చెప్పాలని తేల్చుకున్నాం. పేర్లు రాయలేదు కాబట్టి పెద్ద ప్రమాదం లేదని నాకు నేను సర్దిచెప్పుకుంటూ బయలుదేరాను. ఒకావిడ అంతా విని ఇలా అడిగింది: "పేరు రాయలేదన్నరు. ఊరి పేరైతే రాసిన్రు గద మేడం. మా ఊర్ల గట్ల అయింది నాకొక్కదానికే."

నా డాక్టరేటు నాకు నేర్పనిది ఆమె ఒక్క మాటలో చెప్పింది.

చివరి వరస రాజకీయం

మనం లెక్కలతో పనిచేసేవాళ్ళం. పట్టికల్లో 'ఇతరులు' అనే గడిని చూస్తే మనకు అనుమానం రావాలి. మన జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే స్త్రీని 'పనిచేయనివారి'లో వేస్తారు. పట్టిక తయారు చేసినవాడి కళ్ళకు ఏది కనిపించిందో దానికొక వరస దొరుకుతుంది. కనిపించనిదంతా చివరి గడిలో పడుతుంది. ఫోనులోని నియమాల జాబితా కూడా అటువంటి పట్టికే. ఎవరో, ఎక్కడో, తమ జీవితాన్ని దృష్టిలో పెట్టుకుని రాశారు. వాళ్ళకు తట్టని మన జీవితమంతా చివరి వరసలోకి జారిపోతుంది.

ప్రభుత్వాలూ ఇటువంటి జాబితాలు రాస్తాయి. 2019 ఆగస్టు నుంచి ఇంటర్నెట్ లేని కాశ్మీరులో 2020 జనవరిలో టూజీ ఇచ్చినప్పుడు, 301 సైట్ల జాబితా ఒకటి ప్రకటించి అవి మాత్రమే చూడవచ్చన్నారు. యాప్ భాషలో చెబితే ఆ జాబితా చివరి వరస 'మిగిలినవన్నీ రిజెక్ట్'. వీపీఎన్‌తో దాన్ని దాటి సామాజిక మాధ్యమాలు వాడినవారి మీద ఫిబ్రవరిలో కేసు పెట్టారు. నిరవధికంగా ఇంటర్నెట్ ఆపడం చెల్లదని సుప్రీంకోర్టు అనురాధా భసీన్ కేసులో చెప్పింది కూడా ఆ జనవరి 10నే. ఒక విషయం గుర్తుంచుకోండి. నెట్‌ను పూర్తిగా ఆపేస్తే ఈ యాప్ ఎందుకూ పనికిరాదు. దారి ఉన్నచోటే ఇది దారి మార్చగలదు.

ఇంట్లోనూ, హాస్టల్లోనూ జాబితాలుంటాయి. కేరళలో ఒక కాలేజీ అమ్మాయిల హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోన్లు అప్పజెప్పాలన్నారు. ఒప్పుకోని ఫహీమా షిరీన్ అనే విద్యార్థిని హైకోర్టుకు వెళ్ళింది. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, వ్యక్తిగత గోప్యతలో భాగమని 2019 సెప్టెంబరులో తీర్పు తెచ్చుకుంది. నియమం రాసేది ఎవరు అన్న ప్రశ్న వేసిన అమ్మాయి ఆమె.

మనవాళ్ళకు ఎక్కడ అవసరం?

ఇరాన్‌లో 2022 సెప్టెంబరు 16న మహ్సా అమీనీ పోలీసు నిర్బంధంలో చనిపోయాక స్త్రీలు వీధుల్లోకొస్తే, 21న ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూసేశారు. వాట్సాప్ మళ్ళీ తెరుచుకున్నది 2024 డిసెంబరులో. అన్నాళ్ళూ అక్కడి స్త్రీలు ఇటువంటి దొడ్డిదారుల్లోనే ఫోటోలు, వార్తలు బయటికి పంపారు.

మనకు దగ్గర విషయం గల్ఫ్. కడప నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఇంటిపనికి వెళ్ళిన స్త్రీలు పిల్లల ముఖం చూడాలంటే వీడియో కాల్ ఒక్కటే ఆధారం. ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్స్ మీద ఆంక్షలున్నాయి. 'ఈ యాప్ వేసుకో అక్కా' అని ఇక్కడినుంచి మనం లింకు పంపేస్తుంటాం. అయితే అక్కడ 2016లో మార్చిన చట్టం ప్రకారం, నేరం చెయ్యడానికో, నేరం బయటపడకుండా ఉండటానికో ఐపీ చిరునామా మార్చి వాడితే జైలుతో పాటు 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాంల దాకా జరిమానా పడవచ్చు. 2021 చట్టంలోనూ ఈ నిబంధన కొనసాగింది. ఏ వాడకాన్ని నేరంగా తీసుకుంటారో యజమాని ఇంట్లో తలుపులు మూసి ఉన్న మనిషి వాదించుకోలేదు. కాబట్టి లింకు పంపేముందు ఆమెతో మాట్లాడండి. అక్కడ అనుమతి ఉన్న కాలింగ్ యాప్‌లు ఏమున్నాయో ముందు చూడండి. నిర్ణయం ఆమెదిగా ఉండనివ్వండి.

మన దేశంలో వీపీఎన్ వాడటాన్ని నిషేధించే సాధారణ చట్టం లేదు. కానీ 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్, వీపీఎన్ కంపెనీలు వాడకందార్ల పేర్లు, చిరునామాలు అయిదేళ్ళు దాచి ఉంచాలని ఆదేశించింది. కొన్ని కంపెనీలు తమ సర్వర్లను ఇక్కడినుంచి తీసేశాయి. సర్వర్ ఎక్కడుంది, ఎవరిది అనే ప్రశ్న మనకూ వర్తిస్తుందన్నమాట.

వాడేటప్పుడు చెయ్యాల్సినవి

ఇక ఆచరణలోకి వస్తాను. నా అనుభవంలోంచి చెబుతున్నవి ఇవి.

ఒకటి. జాబితాను కిందినుంచి చదవండి. చివరి వరస ఏమంటోందో తెలియకుండా యాప్‌ను ఆన్ చెయ్యకండి. చివరి వరస 'డైరెక్ట్' అయితే, మనం మరిచిపోయినవి మన నెట్ కంపెనీ కళ్ళలో పడతాయి. 'ప్రాక్సీ' అయితే ఆ సర్వర్ వాళ్ళ కళ్ళలో పడతాయి. ఏది మంచిది అని నన్నడగకండి. మీరు ఎవరికి భయపడుతున్నారో అదే జవాబు. షాంఘైలోని నా మిత్రురాలికి ప్రాక్సీ. ఇక్కడ ఊళ్ళలో తిరిగే మనకు సాధారణంగా డైరెక్ట్, అవసరమైన ఒకటి రెండు సైట్లకు మాత్రమే ప్రాక్సీ.

రెండు. మన సొంత వరసలు అన్నిటికన్నా పైన రాసుకోవాలి. మన సంస్థ సర్వర్, బ్యాంకు, ప్రభుత్వ సైట్లు – ఇవి నేరుగా పోవాలి. విదేశీ చిరునామా కనిపిస్తే బ్యాంకు అనుమానించి ఖాతాను ఆపే అవకాశమూ ఉంది.

మూడు. సర్వర్ ఎవరిది? మనకు తెలిసిన సంస్థదా, డబ్బు కట్టి కొన్నదా, ఉచితంగా దొరికిందా? ఉచితంగా ఇచ్చేవాళ్ళకు ఖర్చు ఎలా గడుస్తోందో ఆలోచించాలి. చాలామంది 'సబ్‌స్క్రిప్షన్' లింకు ఒకటి ఇస్తారు. దాని ద్వారా సర్వర్లూ నియమాలూ తమంతట తామే మారుతుంటాయి. నిన్న చదివిన జాబితా రేపు అదే అయి ఉండదు. అందుకని తరచూ చూడాలి, లేదా తనంతట తాను మారకుండా ఆపుకోవాలి.

నాలుగు. 'సర్టిఫికెట్ వేసుకోండి' అని యాప్ అడిగితే వద్దనండి. కొన్ని యాప్‌లలో తాళం వేసిన సమాచారాన్ని కూడా తెరిచి చూసే సదుపాయం ఉంటుంది. దానికి మన అనుమతే ఆ సర్టిఫికెట్. ఇంటి తాళంచెవి నకలు ఇచ్చినట్టే.

అయిదు. పేరు అడగడం కూడా ఒక జాడే. దేశాన్ని బట్టి దారి తేల్చే నియమం ఉంటే, సైటు ఏ దేశంలో ఉందో తెలుసుకోవడానికి యాప్ ముందుగా దాని చిరునామా వాకబు చెయ్యాలి. ఆ వాకబు స్థానిక నెట్ కంపెనీ దగ్గరే జరిగితే, సమాచారం ప్రాక్సీలో పోయినా, ఏ సైటు కోసం అడిగారో ఇక్కడ తెలిసిపోతుంది. రహస్యంగా ఉండాల్సిన సైట్లను దేశం వరసకు వదలకుండా, పేరుతోనే పైన రాసుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

ఆరోది అన్నిటికన్నా ముఖ్యం. ఈ యాప్ ఫోనును పట్టుకున్న మనిషి నుంచి కాపాడదు. మన దగ్గరికొచ్చే స్త్రీలలో చాలామంది ఫోను భర్త చేతిలోనో, అత్తగారి చేతిలోనో ఉంటుంది. తాళంచెవి బొమ్మ పైనే కనిపిస్తుంది. యాప్ పేరు కనిపిస్తుంది. ఏ సైటు ఎన్ని గంటలకు తెరిచారో యాప్‌లోనే లాగ్ రూపంలో ఉంటుంది. 'ఎవరితో రహస్యం?' అన్న ప్రశ్నకు ఆమె దెబ్బలతో జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు. అటువంటి ఇంట్లో ఉన్నామెకు ఈ యాప్ సలహా ఇవ్వకండి. ఆమెకు పక్కింటావిడ ఫోనో, మన ఆఫీసు ఫోనో ఎక్కువ క్షేమం.

ఏడు. సర్దుకున్నాక పరీక్షించండి. మన సంస్థ సైటు, బ్యాంకు, ఒక విదేశీ సైటు తెరిచి, ఏది ఏ దారిన పోయిందో ఆ లాగ్‌లోనే చూసుకోండి. తర్వాత దాన్ని చెరిపెయ్యండి. ఈ పని నేను మొదటి రోజే చేసి ఉంటే మూడు వారాలు గడిచేవి కావు.

ముగించేముందు

యాప్‌లు వస్తాయి, పోతాయి. షాడోసాక్స్ తయారుచేసినతను 2015లో పోలీసుల ఒత్తిడితో ఆ పని మానుకున్నాడు. క్లాష్ మూల రచన 2023 నవంబరులో మాయమైంది. వాటి నకళ్ళు, కొత్త రూపాలు చేతులు మారుతూనే ఉన్నాయి. కాబట్టి ఏ యాప్ మంచిదన్న చర్చ కన్నా, జాబితా చదవడం నేర్చుకోవడం మనకు ఎక్కువకాలం ఉపయోగపడుతుంది. 'ఇవి మగపిల్లలు చూసుకునే పనులు' అని మన ఆఫీసుల్లోనే ఫోను పక్కకు తోసేసే అలవాటు ఉంది. నాకూ ఉండేది. మధ్యాహ్నం గుంపుల్లో కూర్చున్నప్పుడు ఎవరి ఫోనులో ఏ యాప్ ఉన్నా తెరిచి, చివరి వరస బిగ్గరగా చదవండి. అది మీ అవసరానికి రాసిందేనా అని పక్కావిడను అడగండి.

ఆ ఊరామె మాట విన్న తర్వాత మా ఫారం మార్చాం. ఊరి పేరు గడి తీసేసి, మండలం మాత్రమే ఉంచాం. కొందరికి అది కూడా ఎక్కువేనని తర్వాత తెలిసింది. ఇప్పుడు మాట్లాడటం మొదలుపెట్టేముందు అడుగుతున్నాం, 'మీ గురించి ఏమేమి రాయమంటారు, ఏమేమి వద్దంటారు?' అని. దీనివల్ల మా పట్టికల్లో ఖాళీ గడులు పెరిగాయి. పరిశోధకురాలిగా నాకు కొంత ఇబ్బందే. అయినా ఆ ఖాళీలు వాళ్ళు రాసిన నియమాలు.

మీ ప్రశ్నల కోసం ఎదురుచూస్తాను.